చేపతో ఆటలు

పొద్దున ఎనిమిదింటికి, బస్సులు రాకముందే, అర్లీన్ షెడ్డు తలుపు తీసి బంగారం పాతడం మొదలుపెడుతుంది. నీళ్ళతొట్టి పక్కన నలభై పళ్ళేలు వరసగా పరిచి, ఒక్కోదాంట్లో రెండు దోసిళ్ళ ఏటి ఇసక పోసి, చిన్న సీసాలోంచి పట్టకారుతో బంగారు రేకులు తీసి పళ్ళేనికి మూడు చొప్పున అడుక్కి నొక్కుతుంది. పిల్లల పళ్ళేల్లో నాలుగు. తర్వాత వేళ్ళతో కెలికి, ఎవరి చెయ్యీ పడనట్టు పైన సాపు చేస్తుంది. కెనడా ఉత్తరాన ఉన్న మా డాసన్ ఊరు చూడ్డానికి వచ్చినవాడెవడూ ఖాళీ పళ్ళెంతో పోకూడదు, అది టూరు కంపెనీ మేనేజరు బ్రెంట్ పెట్టిన నియమం. నూట పాతికేళ్ళ కిందట బంగారం కోసం ఇక్కడిదాకా దేకిన వేలమందిలో ఎక్కువమంది ఒంటిమీది కోటు కూడా అమ్ముకుని పోయారు. ఆ సంగతి చెబితే ఇప్పుడెవడొస్తాడు?

పదింటికి మొదటి బస్సు దిగుతుంది. పళ్ళెం తొట్టిలో ముంచి తిప్పుతారు, నడుం నొప్పంటారు, ఇసక కాళ్ళమీద ఒంపుకుంటారు, ఆఖరికి అడుగున ఓ మెరుపు కనబడగానే కేకలు. అర్లీన్ ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, "అబ్బ, మీ చెయ్యి మంచిది" అనాలి. ఏడు వేసవులుగా అదే మాట, రోజుకి వందసార్లు. మధ్యాహ్నానికల్లా నోరు పాచిపోయినట్టయి తిండి సహించదు.

ఆ సోమవారం బ్రెంట్ షెడ్డులోకి వచ్చాడు. నల్లకోటు, నడుముకి గొలుసు గడియారం, తలమీద పాతకాలపు టోపీ. వాడి తాతముత్తాతల్లో ఎవడూ ఈ వైపు కన్నెత్తి చూసినవాడు కాదు. మే నెలలో ఏట్లో మంచు పగలగానే దక్షిణాది నుంచి దిగుతాడు, సెప్టెంబరులో మొదటి చలికే మాయమవుతాడు. మధ్యలో ఆ నాలుగు నెలలూ మా ఊరి గురించి మాకు చెబుతాడు.

షెడ్డు వెనక ఏటి ఒడ్డున చేపలారేసే దండెం ఒకటి కొత్తగా కట్టించాడట, చూశారా అని అడిగాడు. అర్లీన్ చూసింది. దుకాణంలో కొన్న వాసాలు, మెరిసే మేకులు. గురువారం నలభైరెండు మంది గొప్పింటివాళ్ళు వస్తున్నారని, వాళ్ళకి బంగారమూ డాన్సులూ చాలవని, "అసలు మనుషుల్ని" చూడాలని అడిగారని చెప్పాడు. అసలు మనుషులంటే ఈ ఏటి ఒడ్డున మొదటినుంచీ ఉన్న మేమన్నమాట. మొదటి చేప పండగ చేద్దామన్నాడు. అర్లీన్ చేపలు కోసి దండెం మీద వెయ్యాలి, వాళ్ళ మెటిల్డా పిన్ని మొదటి చేపకి చెప్పే పాత మాటలు చెప్పాలి.

అర్లీన్‌కి నవ్వొచ్చింది. కింగ్ చేపలు, సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే పెద్ద సాల్మన్లు, ఏట్లో రావడం తగ్గిపోయి, పట్టకూడదని ఏడేళ్ళ నిషేధం పెట్టి, ఇది మూడో వేసవి. అంతకుముందు నుంచే మావాళ్ళు తమంతట తామే వలలు చుట్టి అటకెక్కించారు. ఊళ్ళో ఏ దండెం మీదా చేప లేదు. ఏ చేపని కొయ్యమంటావని అడిగింది.

"పట్టం, కొంటాం," అన్నాడు బ్రెంట్. సముద్రపు ఒడ్డున వలగూళ్ళలో పెంచినవి, మంచులో పెట్టి లారీలో బుధవారానికి వచ్చేస్తాయి. చూసేవాళ్ళకి తేడా తెలియదు.

పిన్ని ఒప్పుకోదని అర్లీన్ అంది. బ్రెంట్ టోపీ తీసి పళ్ళేల పక్కన పెట్టి, గొంతు తగ్గించి, "మీ పిన్నిగారు చేపల క్యాంపుకి పోవాలంటున్నారని మే నెలలో మీరు బోటు అడిగారు కదా," అన్నాడు. "గురువారం ఇది అయిపోనివ్వండి. శుక్రవారం పొద్దున్నుంచి సాయంత్రందాకా బోటు మీదే."

మే నెలలో అడిగితే ఇన్సూరెన్సు ఒప్పుకోదన్న బోటే అది. చక్రాల కుర్చీ తిన్నగా ఎక్కడానికి వాలుపలక ఉన్నది ఈ ఏట్లో ఆ ఒక్క బోటుకే. అర్లీన్ పాత పడవ గోడలు నడుమెత్తు, ఇంజను పగిలి రెండేళ్ళయింది. ఎనభయ్యారేళ్ళ పిన్ని చలికాలమంతా ఒకటే పాట, ఏటి ఒడ్డున మనం వేసవులు చేపలు పట్టి ఎండబెట్టిన క్యాంపుకి ఒక్కసారి తీసుకుపో, మీ బాబాయి చేపలకి పొగపెట్టడానికి కట్టిన గుడిసె నిలబడుందో కూలిందో చూసొస్తాను, ఆ తర్వాత ఎప్పుడు పిలుపొచ్చినా పోతానని. మార్చిలో ఊపిరితిత్తులకి జబ్బు చేసి పదకొండు రోజులు మంచంలో ఉంది. వచ్చే వేసవి సంగతి డాక్టరు మాట్లాడలేదు, వీళ్ళూ అడగలేదు.

"అడిగి చూస్తాను," అంది అర్లీన్. అని, బ్రెంట్ టోపీ కింద చిక్కుకున్న పళ్ళెం లాక్కుని మూడు రేకులు నొక్కింది.

మంగళవారం పని ముగించుకుని ముసలివాళ్ళు ఉండే హోమ్‌కి పోయింది. పిన్ని గదిలో కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో కూర్చుని తోలుచెప్పుకి పూసలు కుడుతోంది. కళ్ళు మసకబడి ఆరేళ్ళయింది, ఎదురుగా ఉన్న మనిషి నీడలాగే కనబడుతుంది. కుట్టడం మాత్రం మానలేదు. పూసని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి పరిమాణం చూసుకుంటుంది. ఒక్క పూస చిన్నదొచ్చినా విసిరేస్తుంది. గదంతా కాలికింద పూసలే.

దార్లో బండి నడుపుతూ అర్లీన్ మాట సిద్ధం చేసుకుంది. కొన్న చేప పిన్నీ, ఒట్టి నాటకం పిన్నీ, ఒక్క గంట ఓర్చుకో, మర్నాడు నిన్ను క్యాంపుకి తీసుకుపోతాను. నాలుగుసార్లు అనుకుంది. గదిలోకి వచ్చి ఆ వేళ్ళని చూశాక నోరు పెగల్లేదు. చేపతో ఆడకూడదన్నది పిన్ని తనకి నేర్పిన మొదటి పాఠం. ఆరేళ్ళప్పుడు తెగిపడ్డ చేపతోకతో తమ్ముడి మొహమ్మీద కొడుతూ నవ్వినందుకు చెంప పగలగొట్టింది పిన్ని. చేప తనంతట తాను మనుషుల దగ్గరికొస్తుంది, ఎగతాళి చేస్తే మళ్ళీ రాదు. అలాంటి మనిషి కొన్న చేపకి పాత మాటలు చెప్పమంటే కుర్చీ అటు తిప్పేసుకుంటుంది. బోటు పోతుంది. క్యాంపు పోతుంది.

"గురువారం మొదటి చేపకి నువ్వు మాట చెప్పాలి పిన్నీ," అంది.

"ఏ చేప?"

"కింగ్."

సూది ఆగిపోయింది.

"ఈ ఏడు ఏట్లో లెక్క బాగుందట. పెద్దవాళ్ళ కోసం నాలుగు పట్టుకోనిచ్చారు," అంది అర్లీన్. ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తనకే తెలియదు. ఎక్కడ పడ్డాయని పిన్ని అడిగితే, మూజ్‌హైడ్ ఊరి దిగువన సుడి దగ్గరంది. లావుగా ఉన్నాయా అంటే ఉన్నాయంది. పొట్ట దగ్గర కొవ్వు ఎంత మందం అంటే రెండు వేళ్ళంది. ఒకసారి నోరు జారాక ఇక అడ్డేముంది, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

పిన్ని తోలుచెప్పు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దానిమీద కప్పింది.  తర్వాత, "నేను పోయేలోపు రావనుకున్నానే," అంది మెల్లగా.

ఆ తర్వాత ఇక పిన్నిని పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. మంచం కింద పెట్టెలోంచి తన కత్తి తీయించి, బొటనగోరు మీద ఆనించి పదును చూసి, మొద్దుబారిందని అర్లీన్‌ని తిట్టి, సానబట్టి తెమ్మంది. మొదటి చేప మొదట పెద్దవాళ్ళ నోట్లోకే పోవాలి, కాబట్టి గురువారం మధ్యాహ్నం హోమ్‌లో మాంసం వండొద్దని వంటామెకి చెప్పమంది. ఆలుగడ్డలు ఉడకేస్తే చాలు. పాత మాటలు మరిచిపోయానేమోనని పెదాల్లోనే మొదలుపెట్టి, మధ్యలో ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. అర్లీన్ గుమ్మం దాటేసరికి పిన్ని కుర్చీ నెట్టుకుంటూ వసారాలోకి వచ్చి, పర్సీ గది తలుపు మీద పిడికిలితో కొడుతోంది. పర్సీ తొంభై దాటిన మనిషి, ఒకప్పుడు ఈ ఏట్లో అంత పెద్ద వల వేసినవాడు లేడు. తలుపు తెరుచుకోవడం, పిన్ని చెప్పడం, పర్సీ మళ్ళీ చెప్పమనడం అర్లీన్ మెట్లమీద నిలబడి విన్నది. బండెక్కి తాళం పట్టుకుని కూర్చుంది. గడ్డి తిన్నానని తెలుసు. శుక్రవారం పిన్ని క్యాంపు ఒడ్డున దిగితే ఇదంతా కొట్టుకుపోతుందని తనకి తాను చెప్పుకుంది.

బుధవారం మధ్యాహ్నం లారీ వచ్చింది. నాలుగు తెల్లని పెట్టెలు, పెట్టెకి రెండు చేపలు. అర్లీన్ ప్లాస్టిక్కు కాగితం చింపి చూసి మొహం పక్కకి తిప్పుకుంది. ఎనిమిదీ ఒకే పొడవు, ఒకే లావు, ఒకే మొహం. వీపుమీద రెక్క ఉండాల్సినచోట అరిగిపోయి మొద్దుకట్టిన తుంట ఉంది. తోక మూలలు వలకి రాసుకుని గుండ్రంగా అయిపోయాయి. పొట్టమీద వేలు నొక్కితే సొట్ట సొట్టలాగే ఉండిపోయింది. వాసన ఏటిది కాదు, సముద్రానిదీ కాదు, వాడేసిన నూనె వాసన. పుట్టి బుద్ధెరిగాక పదిమందితో గిరగిరా తిరగడం తప్ప ఏ నీటికీ ఎదురీదని బతుకు. కింగ్ చేప రెండువేల కిలోమీటర్లు ఎదురీది మా దగ్గరికి వచ్చేసరికి కండ గట్టిగా బిగిసి ఉంటుంది, కత్తి దిగుతుంటే చేతికి తెలుస్తుంది. దీన్లో కత్తి పెడితే వెన్నలో పెట్టినట్టు జారింది.

బ్రెంట్ పక్కనే నిలబడ్డాడు. పండగ నాటికి దండెం నిండుగా కనబడాలని ఏడింటిని ముందురోజే కొయ్యమన్నాడు, పెద్దావిడ కోసం ఒక్కదాన్ని ఆపమన్నాడు. అర్లీన్ తల తీసి, వెన్నెముక తప్పించి, రెండు చెక్కలూ తోక దగ్గర కలిసి ఉండేలా కోసి, దండెం మీద అటొకటి ఇటొకటి వేలాడేసింది. కింగ్ చేప అలా నెలరోజులు వేలాడుతుంది. ఇవి గంటలో తోక దగ్గర సాగి, రెండు కింద మట్టిలో పడ్డాయి. బ్రెంట్ మట్టి దులిపి నైలాను దారంతో కట్టించాడు. చెక్కల్లోంచి నారింజరంగు నూనె బొట్లు బొట్లుగా కారి కింద గడ్డిమీద మరకలు కట్టింది. ఈగలు ముసిరాయి. సాయంత్రానికి ఆ కంపు షెడ్డులోకి కూడా వచ్చేసింది.

ఆపైన డాన్సు హాలు బట్టల పెట్టెలోంచి కుచ్చులు వేలాడే తోలు చొక్కా ఒకటి తెచ్చిచ్చాడు. రేపు వేసుకోమన్నాడు. మెడపట్టీ మీద ఎవరో డాన్సు పిల్ల పెదాల రంగు అంటి ఉంది. అర్లీన్ దాన్ని మేకుకి తగిలించి, తన ఆప్రాన్ తనకి చాలంది.

రేపు పండగైపోయాక ఒక చేప హోమ్‌కి తీసుకుపోతానని అడిగింది. ఏదో ఒకటి, చివరికి ఈ దరిద్రమైనా, ఆ పెద్దవాళ్ళ కంచాల్లో పడాలి కదా అని. బ్రెంట్ తల అడ్డంగా ఊపాడు. ఎండలో పెట్టినవాటిని మనుషులెవరూ తినకూడదని, వాళ్ళకేమన్నా అయితే కంపెనీ మెడకి చుట్టుకుంటుందని, అన్నీ చెత్త తొట్టిలోకే పోతాయని చెప్పాడు. అర్లీన్ ఇంకేదో అనబోతే, "శుక్రవారం బోటు ఉంది కదా," అన్నాడు నవ్వుతూ. తను నోరు తెరిచినప్పుడల్లా అదే మాట పారేస్తాడు.

గురువారం పిన్ని పొద్దున ఆరింటికే తయారై కూర్చుంది. పూసల చెప్పులు, నల్లని సిల్కు తలగుడ్డ, ఒళ్ళో గుడ్డలో చుట్టిన కత్తి. వసారాలో పర్సీ షేవింగు చేసుకుని, గీసుకున్నచోట కాగితం ముక్క అంటించుకుని నిలబడి ఉన్నాడు. అతని పక్కన ఎలెన్, ఎప్పుడూ గదిలోంచి రాని మనిషి, పెదాలకి రంగేసుకుని ఉంది. చేప తేవడం మధ్యాహ్నం పన్నెండు దాటనివ్వొద్దని పర్సీ అర్లీన్‌కి చెప్పాడు. అర్లీన్ వాళ్ళ మొహాలు చూడకుండా పిన్ని కుర్చీ నెట్టుకుంటూ పోయింది.

ఒడ్డున నలభైరెండు మడత కుర్చీలు వేసి ఉన్నాయి. కూర్చున్నవాళ్ళ మెళ్ళో అందరికీ ఒకే రంగు పట్టీలు, చేతుల్లో ఫోన్లు. కొందరు దండెం దగ్గరికి పోయి ఆ వేలాడేవాటి ముందు నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. ఒకడు ముక్కు మూసుకుని నవ్వాడు. బ్రెంట్ టోపీ తీసి ఉపన్యాసం ఎత్తుకున్నాడు, ఈ నది వీళ్ళకి తల్లి అనీ, బంగారం వచ్చింది పోయింది కానీ చేప ఎప్పటికీ ఉంటుందనీ. ఎప్పటికీ అన్న మాట అంటున్నప్పుడు వాడి మొహంలో సిగ్గన్నది మచ్చుకైనా లేదు. అర్లీన్ పిన్ని కుర్చీని బల్లకి ఆనించి, తడిగుడ్డ తీసి, చేపని ఆమె ముందుకి జరిపింది. పిన్ని మొహం వెలిగిపోతోంది. అది చూడలేక అర్లీన్ దండెం వైపు చూసింది.

పిన్ని తల దగ్గర చెయ్యి పెట్టింది. నెమ్మదిగా మొప్పల మీంచి వీపు మీదకి తెచ్చింది. వీపుమీది తుంట దగ్గర వేళ్ళు ఆగాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ తుంటని పట్టుకుని, పూసని చూసినట్టు ఇటూ అటూ దొర్లించింది. వదిలేసి తోక దాకా పోయింది. గుండ్రటి మూలలు రెండూ తడిమింది. పొట్టమీద వేలు నొక్కింది. తర్వాత ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

 పిన్ని మొహం ఇటు తిప్పింది. ఆ మసక కళ్ళకి తన నీడ తప్ప ఏమీ కనబడదని తెలిసినా, అర్లీన్ కళ్ళు దించుకుంది.

కుర్చీలు కిర్రుమంటున్నాయి. బ్రెంట్ గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు కుర్చీ తిప్పేసుకుంటుంది, లేదా అందరిముందూ తనని కడిగేస్తుంది, రెంటిలో ఏదైనా న్యాయమేననుకుంది అర్లీన్. పిన్ని రెంటిలో ఏదీ చెయ్యలేదు. చేప మీద అరచెయ్యి పెట్టి మా హాన్ భాషలో మాట్లాడింది. పాత మాటలు కావవి, మంగళవారం నుంచి నెమరేసుకుంటున్నవి కావు. అర్లీన్‌కి ఆ భాష సగమే వచ్చు. ఆ సగం చాలింది.

"నీ నది ఏదో నాకు తెలియదు," అంటోంది పిన్ని. "నీకూ తెలియదు. నిన్ను ఇంత దూరం తెచ్చి నీతో ఆడుతున్నాం. తప్పు మాది. మా ఏటి నిజమైన చేపలకి ఈ సంగతి చెప్పకు."

చెప్పి చెయ్యి తీసేసింది. ఎవరో చప్పట్లు కొట్టారు, అందరూ అందుకున్నారు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఏమన్నారో చెప్పమని బ్రెంట్ అడిగితే, "రమ్మని స్వాగతం చెప్పింది," అంది అర్లీన్. రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

చప్పట్లు ఆగకముందే ఎర్రచొక్కా మనిషి ఒకడు లేచి వచ్చి, చేపని మొప్పల్లో వేళ్ళు దూర్చి పైకెత్తి, నోరు తెరిపించి, దాని మొహం తన మొహం పక్కన పెట్టుకుని పళ్ళికిలించాడు. వాడి పెళ్ళాం ఫోన్ ఎత్తింది. పిన్నికి ఆ సంబరమంతా వినబడింది.

"కింద పెట్టు నాయనా," అంది ఇంగ్లీషులో. గట్టిగా కూడా అనలేదు. వాడు పెట్టేశాడు.

పిన్ని ఒళ్ళో కత్తి గుడ్డ విప్పలేదు. బస్సు కదిలేలోపు బంగారం కూడా ఏరుకోవాలని బ్రెంట్ జనాన్ని పళ్ళేల వైపు తోలాడు. వాడి మనుషులిద్దరు చేతులకి తొడుగులేసుకుని వచ్చి, దండెం మీదవీ బల్లమీదదీ తీసి, ఎలుగుబంట్లకి తెరవడం రాని ఇనప తొట్టిలో ఒక్కొక్కటే వేశారు. వేసినప్పుడల్లా దబ్‌మంది. పిన్ని ఆ చప్పుడు వైపు తల తిప్పి కూర్చుంది.

"ఏం పారేస్తున్నారు?"

"చేపలు."

"అన్నీ?"

"అన్నీ పిన్నీ."

"కుక్కలకైనా వెయ్యరూ?" అంది.  మూత పడింది, తాళం పడింది.

బండిలో కూర్చోబెట్టి, కుర్చీ మడిచి వెనక పెట్టి, అర్లీన్ ఇంజను స్టార్టు చేసింది. పిన్ని చేతులు రెండూ ఒంటికి తగలకుండా మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుంది. వీధి వెంట రంగులేసిన పాత దుకాణాలు, ముందు తలుపులు తప్ప వెనకేమీ లేనివి, దాటిపోయాయి. తిడుతుందేమోనని అర్లీన్ ఎదురుచూసింది. తిడితే బావుండును.

"బోటు కోసమా?" అంది పిన్ని.

"ఊఁ."

"నేనే పోరుపెట్టాను. చలికాలమంతా నీ ప్రాణం తోడేశాను." అని, "నువ్వు ఎవరెవరికి చెప్పావ్, చేపలొచ్చాయని?" అంది.

"నీకొక్కదానికే."

"నేను ఆరుగురికి చెప్పాను," అంది పిన్ని.

 హోమ్ ముందు బండి ఆపి కుర్చీ దించుతుంటే, నువ్వే లోపలికి వచ్చి చెప్పాలంది. నీ మాట నేను మోశాను, ఇక మొయ్యనంది. నీళ్ళ కుళాయి దగ్గరికి తీసుకుపొమ్మని, సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుంది. మూడోసారి తర్వాత వాసన చూసుకుని, పోవడం లేదంది.

భోజనాల గదిలో ఆరుగురూ ముందే కూర్చుని ఉన్నారు. పదకొండింటి నుంచి కూర్చున్నారట. బల్లమధ్య ఉడికించిన ఆలుగడ్డల గిన్నె మూత పెట్టి ఉంది. వంటామె రొట్టె తెచ్చిపెడితే కడుపు నిండిపోతుందని పర్సీ వెనక్కి పంపేశాడట. అందరి ముందూ ఖాళీ కంచాలు. తలుపు చప్పుడవగానే ఆరు మొహాలూ అర్లీన్ చేతుల వైపు తిరిగాయి.

ఆమె బల్ల చివర నిలబడింది. "చేపలు రాలేదు," అంది.  నిషేధం ఎత్తలేదని, ఎవరినీ చేప పట్టనివ్వలేదని, అవి గూళ్ళలో పెంచి లారీలో తెచ్చిన చేపలని, పిన్నికి అబద్ధం చెప్పింది తనేనని, ఒక్క మాట మింగకుండా చెప్పింది. పళ్ళేల్లో బంగారం పాతే చేతులివి, ఇన్నేళ్ళూ బయటివాళ్ళనే మోసం చేస్తున్నాననుకుంది. బ్రెంట్‌ని చూస్తే కలిగే రోత అంతా ఇప్పుడు తనమీదికే తిరిగింది.

 ఎలెన్ తువ్వాలు తీసి పెదాల రంగు తుడుచుకుంది. ఆ ఒక్క పని అర్లీన్‌ని నిలువునా కోసేసింది.

పర్సీ జేబులోంచి ఫోన్ తీసి బల్లమీద అర్లీన్ వైపు తోశాడు. "మొన్న మా అమ్మాయికి చేసి చెప్పాను. ఏడ్చింది. అది వాళ్ళ ఊళ్ళో ఎంతమందికి చెప్పిందో. నువ్వే చెయ్యి," అన్నాడు.

అర్లీన్ అక్కడే, అందరి ముందే, నిలబడి ఫోన్ చేసింది. అవతల పర్సీ కూతురు అంతా వింది. తర్వాత సరేనంది. నాన్న తింటున్నాడా అని అడిగి పెట్టేసింది. అర్లీన్ ఫోన్ తిరిగిచ్చింది. పర్సీ దాన్ని జేబులో పెట్టుకుని, గిన్నె మూత తీసి, ఆలుగడ్డలు చల్లారిపోయాయని వంటామెని కేకేసి, వెన్న తెమ్మన్నాడు.

"కూర్చో," అంది పిన్ని, తన పక్క కుర్చీ చేత్తో తట్టి. అర్లీన్ కూర్చుంది. పిన్ని తన కంచంలోంచి ఆలుగడ్డ ఒకటి తీసి, తడుముకుంటూ అర్లీన్ కంచంలో వేసింది.

"రేపు బోటు వద్దని వాడికి చెప్పు."

"పిన్నీ, బోటు మాట నిజమే. వాడు ఇస్తాడు. రేపు పొద్దున్నే పోదాం, దేనికీ సంబంధం లేకుండా, చూసొద్దాం." అర్లీన్ గొంతు బతిమాలుతోంది. ఇంత గడ్డీ తిన్నది దీనికోసమే. ఇది కూడా పోతే ఇక మిగిలేది ఆ తొట్టిలో పడ్డ ఎనిమిది చేపలే.

"ఏం మొహం పెట్టుకుని పోను? ఇలా చేశామని ఆ ఒడ్డుకి పోయి చెప్పనా?" అంది పిన్ని. "చేపలు వచ్చాక పోతాను. నిజంగా వచ్చాక."

"నిషేధం ఇంకా నాలుగేళ్ళుంది పిన్నీ."

"ఉండనీ. నాకేం తొందర?"

 ఎనభయ్యారేళ్ళ మనిషి, మార్చిలో డాక్టరు ఆక్సిజను పెట్టిన మనిషి, వెన్న రాసుకుంటోంది. అర్లీన్ మింగలేక, ఉమ్మలేక, నోట్లో ఆలుగడ్డతో అలాగే ఉండిపోయింది.

పర్సీ బల్లమీద మోచేతులు ఆనించి ముందుకి వంగాడు. అప్పుడు తననీ తీసుకుపోవాలన్నాడు. వల తన దగ్గరే ఉంది, చిరుగులున్నాయి కానీ నాలుగేళ్ళలో బాగుచేసుకోవచ్చట. అయితే నీ పడవ ఇంజను ముందు బాగుచేయించమని అర్లీన్‌కి చెప్పాడు, ఆ టోపీవాడి బోటులో తను కాలు పెట్టడట. కుర్చీ ఎలా ఎక్కిస్తారని ఎవరో అడిగితే, నలుగురం పట్టుకుని ఎత్తుతామన్నాడు. ఆ నలుగురెవరో లెక్కపెడుతూ బల్లచుట్టూ చూశాడు. అక్కడున్నవాళ్ళలో చిన్నవాడికి డెబ్బైతొమ్మిది.

పడవలో ఎనిమిదిమంది పట్టరని పిన్ని అంది. పడతారని పర్సీ అన్నాడు, బరువైన మనుషులు నడుమన కూర్చోవాలి, అంతే. దాంతో ఎవరు బరువో ఎవరు కాదో వాదన మొదలైంది. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. ఎలెన్ ఇంతసేపూ నోరు విప్పలేదు. ఇప్పుడు బల్లమీద వేలితో కొట్టి, ఎవరెక్కడైనా కూర్చోండి, తనకి మాత్రం ముందు చోటే కావాలంది, వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందట. అర్లీన్ వైపు తిరిగి, సరేనా అని అడిగింది.

సరేనంది అర్లీన్.